ప్రార్థన మధ్యలో కుక్కర్ విజిల్ – మీరు ఓపిక ఎలా నిలుపుకుంటున్నారు?

మూడో_అంతస్తు (గాజువాక) – ఆదివారం రాత్రి 10:52

అందరికీ వందనాలు. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇది దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం కాదు, సాక్ష్యానికి తలకిందులు అనుకోండి.

మాది గాజువాకలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. లిఫ్ట్ పాడై ఇరవై రోజులయింది. నేను ద్వారకానగర్‌లో ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఐదింటికి లేస్తే వంట, అత్తయ్యగారి మందులు, పాప టిఫిన్ బాక్సు, ఆ తర్వాత ఎన్ఏడీ జంక్షన్ దాటడం. రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరతాను. మా ఆయనది షిఫ్టు డ్యూటీ, ఇంట్లో ఉన్న రోజు నిద్రలో ఉంటారు. అందరిళ్ళలోనూ ఉన్నదే, కొత్తేం కాదు.

నిన్న రెండో శనివారం. చర్చిలో స్త్రీల ఉపవాస ప్రార్థన ముగించుకుని మధ్యాహ్నం రెండున్నరకి వచ్చాను. మెట్ల దగ్గర గ్యాస్ అబ్బాయి బండ దించి కూర్చున్నాడు. "లిఫ్ట్ లేదు మేడమ్, మూడో అంతస్తంటే వంద ఇవ్వాలి" అన్నాడు. అంతే. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తు లేదు. "బుద్ధుందా నీకు", "దోచుకు తింటున్నారు" అన్నవి మాత్రం గుర్తున్నాయి. చేతిలో బైబిల్ ఉంది. కింద వాచ్‌మన్ భార్య, పైన రెండో అంతస్తు వాళ్ళు చూస్తున్నారు. ఆ అబ్బాయి ఒక్క మాట అనలేదు. ప్రతి అంతస్తులో ఒకసారి దించుకుంటూ పైకి తెచ్చాడు, బిల్లు ఎంతో అంతే తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున చర్చిలో ఏమీ జరగనట్టే ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం) పాలుపంచుకున్నాను.

సాయంత్రం మా పాప (ఏడేళ్ళు) బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి కుటుంబ ప్రార్థన చేయిస్తోంది. కళ్ళు మూసుకుని, నా గొంతుతో: "దేవా, ఈ దినమంతా మమ్మల్ని కాపాడినందుకు స్తోత్రం... ఏయ్, స్టవ్ కట్టెయ్, మూడు విజిల్స్ అయ్యాయి వినబడట్లేదా... మా పాపములు క్షమించండి ప్రభువా... బుద్ధుందా నీకు, చెప్పులు బయట విడు... యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్."

మా ఆయన పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెద్ద కష్టాలు వచ్చినప్పుడు విశ్వాసం నిలబడింది నాకు. నాన్నగారు పోయినప్పుడు నిలబడింది. ఈ లిఫ్ట్ దగ్గర, ఈ కుక్కర్ దగ్గరే ఎందుకు పోతోంది? మీరందరూ ఏం చేస్తున్నారు, నిజంగా?

---

కృపాక్షేమం – ఆదివారం రాత్రి 11:10

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ప్రార్థన తగ్గినప్పుడే సాతాను కోపం ద్వారా వస్తాడు. ఉదయం నాలుగింటికి లేచి గంటసేపు మోకరించండి. అంతా సర్దుకుంటుంది.

---

వార్డు_అక్క (మహారాణిపేట) – సోమవారం ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

కృపాక్షేమం బ్రదర్, ఆవిడ ఐదుకి లేస్తున్నానంటే మీరు నాలుగుకి లేవమంటున్నారు. ఆ గంట ఎక్కడి నుంచి తెస్తుంది, నిద్రలోంచేగా?

చెల్లెమ్మా, నేను నర్సుని, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. నీ పోస్టులో నాకు కనబడింది ఒకటే: మధ్యాహ్నం రెండున్నర, ఖాళీ కడుపు, ఎండ, మూడంతస్తుల మెట్లు. ఆ టైమ్‌లో నా ముందుకు ఎవరొచ్చినా నేనూ కరిచేదాన్నే. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం ఒకసారి తీసి చూడు. కర్మెలు కొండ మీద అంత పెద్ద కార్యం చూసిన ఏలీయా ప్రవక్త కొద్ది రోజులకే చెట్టు కింద కూలబడి "నా ప్రాణం తీసుకో" అంటాడు. దేవుడు వెంటనే వాక్యం చెప్పలేదు. దూత వచ్చి తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి చూపించాడు. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. మాటలు ఆ తర్వాత, కొండ దగ్గర.

నేను దీన్ని పాటిస్తాను. డ్యూటీ దిగాక తినకుండా ఇంట్లో ఎవరితోనూ ముఖ్యమైన విషయం మాట్లాడను. మా ఆయనకి తెలుసు, ముందు ఉప్మా పెడతాడు, తర్వాత కరెంటు బిల్లు చెప్తాడు.

ఇంకోటి. ఈ మధ్యే చిరాకు బాగా పెరిగిందనిపిస్తే ఒకసారి రక్తం శాతం, థైరాయిడ్ చూపించుకో. ఆడవాళ్ళలో ఈ రెండూ తేడా చేసి, మన స్వభావమే చెడ్డదేమో అనుకునేలా చేస్తాయి. ఉపవాసం రోజు కూడా, ఒంట్లో బాగోకపోతే మజ్జిగ తాగు. దేవుడేం కోప్పడడు.

---

రెండుచక్రాలు (పెందుర్తి) – సోమవారం మధ్యాహ్నం 1:45

అక్కా నేను ఆ అబ్బాయిని కాదు, ముందే చెప్తున్నా. కానీ మూడేళ్ళు గ్యాస్ బండలు వేశాను. ఇప్పుడు ఫుడ్ డెలివరీ.

రూలు ప్రకారం మీరన్నదే కరెక్టు. ఇంటి దాకా తెచ్చి ఇవ్వడానికి చార్జీ బిల్లులోనే కలిసి ఉంటుంది. వంద అడగడం వాడి తప్పు. అది పక్కన పెట్టండి.

బండలో గ్యాస్ 14.2 కేజీలు. ఖాళీ బండ బరువు ఇంకో 15, 16 ఉంటుంది, బండ మీదే రాసి ఉంటుంది చూడండి. అంటే భుజం మీద ముప్పై కేజీలు. కింది ఇంట్లో వేస్తే ఐదు నిమిషాలు, లిఫ్ట్ లేని మూడో అంతస్తు అయితే పావుగంట. ఆ పావుగంటలో ఆలస్యమైన ఇంటివాళ్ళు ఫోన్ చేసి తిడతారు. బిల్లు మీద యాభయ్యో వందో అడిగేది కొంత ఆశ, కొంత మోకాళ్ళు.

నేనూ విశ్వాసినే. ఒక మాట చెప్తే ఏమనుకోకండి. తలుపు మీద "యేసుక్రీస్తు ఈ యింటికి అధిపతి" అని బోర్డు ఉంటుంది కదా. మొదట్లో ఆ బోర్డు చూస్తే సంతోషం వేసేది, మనవాళ్ళే అని. తర్వాత తర్వాత, బోర్డు చూసి ఏమీ ఆశించడం మానేశాను. కొన్ని ఇళ్ళలో మంచినీళ్ళిచ్చేవారు, కొన్ని ఇళ్ళలో లోపలికి అడుగుపెడితే "ఆగు, తుడిచాం" అనేవారు. బోర్డుకీ దానికీ సంబంధం కనబడలేదు. మురళీనగర్‌లో ఒక మామ్మగారు, బోర్డూ లేదు ఏమీ లేదు, ప్రతిసారీ బెల్లం ముక్క పెట్టేవారు చేతిలో. ఆవిడ ఏ మతమో ఇప్పటికీ తెలీదు.

మిమ్మల్ని అనడం లేదక్కా. మీరు కనీసం రాత్రి కూర్చుని ఇది రాశారు.

---

మూడో_అంతస్తు – సోమవారం రాత్రి 9:30

వార్డు_అక్క, మీరు చెప్పిన పరీక్షలు ఈ వారం చేయించుకుంటాను.

రెండుచక్రాలు తమ్ముడూ, నీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. మా ఇంటి తలుపు మీదా ఆ బోర్డుంది. పెళ్ళిలో ఎవరో ఇచ్చారు.

---

ఎదురుగాలి (ఎంవీపీ కాలనీ) – సోమవారం రాత్రి 11:05

కాస్త గట్టిగా మాట్లాడతాను.

ప్రతి ఆదివారం ఓపిక మీద ప్రసంగం వింటున్నాం. ఎవరికి చెప్తారో గమనించారా? కోడలికి చెప్తారు, పనివాడికి చెప్తారు. ఇరవై రోజులుగా లిఫ్ట్ బాగుచేయించని అసోసియేషన్ సెక్రటరీకి "దీర్ఘశాంతము నేర్చుకో" అని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనకది పుష్కలంగా ఉంది!

సిస్టర్, మీ కోపంలో తప్పు లేదు. అది వెళ్ళాల్సిన ఇంటికి వెళ్ళలేదు, అంతే. సెక్రటరీ మీద అరవలేం, ఆయన పెద్దమనిషి, రేపు అవసరం పడుతుంది. గ్యాస్ అబ్బాయి మీద అరవొచ్చు, ఎదురు మాట్లాడడు. నాకూ ఇదే జబ్బు, అందుకే కనిపెట్టగలిగాను.

అపొస్తలుల కార్యములు 16 చూడండి. ఫిలిప్పీలో పౌలుని, సీలని కొట్టి చెరసాలలో వేశారు. రాత్రి వాళ్ళు కీర్తనలు పాడారు. ఇంతవరకే మనకి ప్రసంగాల్లో చెప్తారు. తెల్లారాక ఏం జరిగింది? న్యాయాధిపతులు "వాళ్ళని వదిలెయ్యండి" అని బంట్లతో కబురు పెడితే పౌలు వెళ్ళనన్నాడు. మేము రోమీయులం, విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించారు, ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు. పాడిన నోరూ అదే, అడిగిన నోరూ అదే.

లూకా 18లో విధవరాలు సంగతి సరేసరి. అన్యాయస్థుడైన న్యాయాధిపతి విసిగిపోయేదాకా తిరిగింది. మనం దాన్ని ప్రార్థనకే వాడతాం. ఆవిడ తిరిగింది కోర్టు చుట్టూ అండీ. నేను నా ఫ్యామిలీ పెన్షన్ కోసం పధ్నాలుగు నెలలు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను, ఆ వాక్యం నాకు ఫైలు లాంటిది.

---

కృపాక్షేమం – మంగళవారం ఉదయం 5:15

ఎదురుగాలి సిస్టర్, వాక్యాన్ని మీకు కావలసినట్టు వంచకండి. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నారు ప్రభువు. హక్కుల గురించి మాట్లాడేది లోకం. మీలో చేదు ఉంది.

---

ఎదురుగాలి – మంగళవారం ఉదయం 8:40

చేదు ఉంది. పధ్నాలుగు నెలలు తిరిగి చూడండి, తీపి ఎంత మిగులుతుందో. మిమ్మల్ని ఎవరైనా చెంప మీద కొట్టారా బ్రదర్ ఈ మధ్య, లేక అది కూడా మాకేనా?

---

నిర్వాహకుడు – మంగళవారం ఉదయం 9:02

ఇద్దరూ ఆగండి. ఓపిక గురించిన చర్చలో ఓపిక పోవడం ఇది మూడోసారి ఈ వేదికలో. వ్యక్తుల మీద వద్దు, విషయం మీద రాయండి.

---

పుస్తకాల_పురుగు (దొండపర్తి) – మంగళవారం రాత్రి 8:15

గాలి మార్చడానికి ఒక సంగతి.

మన బైబిల్లో "దీర్ఘశాంతము" అన్న మాట ఉంది కదా, గలతీ 5:22లో ఆత్మఫలాల జాబితాలో. పాత నిబంధనలో నిర్గమకాండము 34:6లో దేవుడు తన గురించి తానే చెప్పుకుంటూ వాడిన మాట కూడా తెలుగులో ఇదే. అక్కడ హీబ్రూలో ఉన్నది "ఎరెక్ అప్పాయిమ్". మాటకి మాట పెడితే "పొడుగు ముక్కు గలవాడు" అని. హీబ్రూలో ముక్కుకీ కోపానికీ ఒకటే మాట, "అఫ్". కోపం వస్తే ముక్కుపుటాలు అదురుతాయి, ఊపిరి వేడెక్కుతుంది, అందుకని కాబోలు. ముక్కు పొడుగైతే ఆ వేడి చివరిదాకా రావడానికి టైమ్ పడుతుంది!

మనం తెలుగులో "వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది" అంటాం. హీబ్రూ వాళ్ళకి ఈ మాట చెబితే ఒక్క ముక్క వివరించక్కర్లేదు.

ఇంకొకటి, ఇది మన ఊరి సంగతి. తెలుగు బైబిల్ పని గట్టిగా సాగింది ఈ విశాఖపట్నంలోనే. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. తెలుగు అక్షరం రాదు. నేర్చుకున్నారు, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలు తర్జుమా చేయడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయారు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయారు. వాళ్ళు చేసిన సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకం చేత్తో పట్టుకోలేదు. కొత్త నిబంధన మొత్తం ఎడ్వర్డ్ ప్రిచెట్ చేతిలో పూర్తయి 1818లో వచ్చింది, ఆయన పనిచేసిందీ ఇక్కడే. ఇవాళ మనం ఫోన్‌లో బైబిల్ యాప్ తెరుచుకోవడానికి నాలుగు సెకన్లు పడితే విసుక్కుంటున్నాం. నన్ను నేనే అనుకుంటున్నాను లెండి.

---

రెండుచక్రాలు – మంగళవారం రాత్రి 8:31

అన్నా, మా సూపర్‌వైజర్‌కి అసలు ముక్కే లేదు అయితే.

---

వార్డు_అక్క – మంగళవారం రాత్రి 8:50

మా హెడ్ నర్సుకి కూడా 😂

---

జ్ఞానాపురం_బ్రదర్ – బుధవారం రాత్రి 10:00

నేను కథోలికుణ్ణి, మీ మధ్య నాలుగు మాటలు రాయొచ్చనుకుంటాను.

నాకు కోపం ఎక్కువ. ప్రతి తపస్సుకాలంలో (ఈస్టర్ ముందు నలభై రోజులు) పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, అదే వరస: "కోపపడ్డాను ఫాదర్, విసుక్కున్నాను ఫాదర్". పదేళ్ళు ఇదే. ఒకసారి కొత్తగా వచ్చిన ఫాదర్ గారు "ఎవరి మీద?" అన్నారు. నేను పనిచేసే చోట బండ్లు నిలిపే స్టాండు కుర్రాడి మీద అన్నాను. "పేరేంటి?" అన్నారు. తెలీదు. రెండేళ్ళుగా రోజూ ఆ కుర్రాడికే బండి ఇస్తున్నాను, రోజూ టోకెన్ దగ్గర గొడవ, పేరు తెలీదు. ఆయన నాకిచ్చిన ప్రాయశ్చిత్తం జపమాల కాదు. "అతని పేరు తెలుసుకుని రా" అన్నారు.

మర్నాడు అడిగాను. అనుమానంగా చూశాడు, కంప్లయింట్ ఇస్తాననుకున్నాడు. అసలు కారణం చెప్పలేక "ఊరికే" అన్నాను. పేరు తెలిశాక తిట్టడం కష్టమయింది. కుదరదని కాదు, మొన్న కూడా తిట్టాను. కానీ పేరు పెట్టి తిట్టాల్సి వచ్చేసరికి సగంలో గొంతు తగ్గింది.

డిసెంబర్ 8న మా కొండగుడి మాత పండక్కి రాస్ హిల్ ఎక్కితే ఒకసారి చూడండి, ఓపిక పరీక్ష అక్కడుంటుంది. మెట్ల మీద జనం, చంకలో పిల్లలు, కొవ్వొత్తులు, వెనక నుంచి తోపులాట. మన వాళ్ళే కాదు, అన్ని మతాల వాళ్ళూ వస్తారు. పైకెళ్ళి తిరిగి చూస్తే ఓడలు హార్బర్‌లోకి వచ్చే దారి కనబడుతుంది. అంత పెద్ద ఓడ, చిన్న టగ్ బోట్ల వెనక చీమలా కదులుతుంది. దానికి తొందర లేదు. నేను మాత్రం దిగేటప్పుడు మళ్ళీ ఎవరి మీదో విసుక్కుంటాను, చెప్పులు పోయి ఉంటాయి కాబట్టి.

---

కూర్మన్నపాలెం_తాతయ్య – గురువారం ఉదయం 5:40

అమ్మాయి రాసిందీ, మీరందరూ రాసిందీ మా మనవడు చదివి వినిపించాడు. నేను చెబుతుంటే వాడే టైపు చేస్తున్నాడు.

తల్లీ, పెద్ద కష్టాల్లో నిలిచిన విశ్వాసం చిన్నవాటి దగ్గర ఎందుకు పోతోందని అడిగావు. అదే నాకూ జరిగింది. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదు, ఏమీ లేదు. మా గుడి రేకులు లేచి పక్క వీధిలో పడ్డాయి. మా ఇంటి ముందున్న రెండు వేపచెట్లూ వేళ్ళతో సహా వచ్చేశాయి. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. బోరింగు ఒక్కటే దిక్కు, దాంట్లోనూ మొదట బురద నీళ్ళు. మా ఆవిడ బిందె పట్టుకుని లైన్లో నిలబడి "ఓర్చినమ్మకు తేటనీరు" అంటూ అందరినీ నవ్వించేది. ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. చీకట్లో కూర్చుని పాడుకున్నాం. పక్కింటి వాళ్ళు సింహాచలం అప్పన్నకి మొక్కుకునేవాళ్ళు, వాళ్ళూ మా వరండాలోనే పడుకున్నారు, వాళ్ళ పెంకులు పోయాయి కదా.

కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. మూడో రోజు కూరలో ఉప్పు తక్కువైందని నేను కంచం తోసేశాను. మా ఆవిడ కంచం తీసి, నేల తుడిచి, "తుపానే నయం" అంది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ మాట ఒక్కటి పోలేదు.

ఎందుకలా? నాకు తోచింది చెప్తాను. తుపానులో నాది ఏదీ కాదని తెలిసిపోతుంది. కరెంటు నాది కాదు, చెట్టు నాది కాదు, ప్రాణమే నాది కాదు. కంచం దగ్గరకొచ్చేసరికి ఇది నాది, ఇది నేను చెప్పినట్టుండాలి. మోషే సంగతి చూడు. ఫరోనే ఎదిరించినవాడు, భూమి మీద అందరికంటే సాత్వికుడని రాసి ఉన్నవాడు, మెరీబా దగ్గర నీళ్ళ గొడవలో జనాన్ని "ద్రోహులారా" అని తిట్టి బండని రెండుసార్లు కొట్టాడు. మాట్లాడమంటే కొట్టాడు. కనాను లోపలికి పోకుండా ఆగిపోయాడు పాపం. నలభై ఏళ్ళు మోసినవాడు కుళాయి దగ్గర జారాడు. కాబట్టి నీ గ్యాస్ బండ చిన్నదనుకోకు. అలాగని నువ్వొక్కదానివే అనీ అనుకోకు.

ఇంకొక మాట. ఎదురుగాలి అమ్మ "కనిపెట్టగలిగాను" అని రాసింది కదా, అప్పటి నుంచి ఆ మాట నా బుర్రలో తిరుగుతోంది. కీర్తనల్లో "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని ఉంటుంది. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. కనిపెట్టడమంటే దొంగని కనిపెట్టడం, రేడియో కనిపెట్టడం, అంతేగా. మా అమ్మకి జబ్బు చేసినప్పుడు డాక్టరు "రాత్రంతా కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు. అప్పుడు తెలిసింది. పక్కన కూర్చోవాలి. ఊపిరి చూడాలి. మనం చేయగలిగిందేమీ ఉండదు, అయినా లేచి వెళ్ళకూడదు.

నేను ముప్పై రెండేళ్ళు ఫర్నేసు దగ్గర పనిచేశాను. నైట్ షిఫ్టులో రిలీవర్ రాకపోతే కదలడానికి లేదు, వేడి అలా ఉండగా వదిలి పోలేం. కీర్తన 130లో కావలివాళ్ళు ఉదయం కోసం కనిపెట్టడం గురించి ఉంది చూశావా, అది రాసినవాడు తప్పకుండా నైట్ డ్యూటీ చేసినవాడే. ఇంట్లో నీ అత్తగారు, పాప, నిద్రపోతున్న మొగుడు, వీళ్ళని నువ్వు రోజూ కనిపెట్టుకునే ఉన్నావు. మధ్యలో అరుస్తున్నావు, అంతే. షిఫ్టు వదిలి పోలేదు కదా.

(మనవడు: తాతయ్య ఇక్కడ ఆపి టీ తాగుతున్నారు. "సరే చాలు, పెట్టెయ్" అన్నారు.)

---

ఎదురుగాలి – గురువారం ఉదయం 9:20

తాతయ్యగారూ, "తుపానే నయం" దగ్గర ఆగిపోయాను కాసేపు.

---

కృపాక్షేమం – గురువారం రాత్రి 11:48

ఒక విషయం చెప్పాలి. ఎదురుగాలి సిస్టర్ "మిమ్మల్ని ఎవరైనా చెంప మీద కొట్టారా" అని అడిగారు. కొట్టలేదు. నేనే కొట్టాను. ఇంటర్ చదివే మా అబ్బాయిని, మార్కుల విషయంలో, జూన్ నెలలో. అప్పటి నుంచి వాడు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. నేను నాలుగింటికి లేచి మోకరించేది దాని గురించే. సర్దుకుంటుందని మొదటి పోస్టులో రాశాను. ఇంకా సర్దుకోలేదు. సిస్టర్, మీరు నన్ను క్షమించాలి, చేదు అన్నందుకు.

---

ఎదురుగాలి – శుక్రవారం ఉదయం 7:05

అయ్యో బ్రదర్. నేనూ నోరు జారాను, ఏమనుకోకండి. బాబుకి మీరు "తప్పయింది" అని నోటితో చెప్పారా? ప్రార్థనలో దేవుడికి చెప్పడం వేరు, వాడికి చెప్పడం వేరు. మత్తయి 5లో అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమని ఉంది కదా. మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకి క్షమాపణ చెప్పడం ఎన్నడూ చూడలేదు నేను. అందుకే అడుగుతున్నాను.

---

కృపాక్షేమం – శుక్రవారం ఉదయం 7:30

చెప్పలేదు. నోరు రావడం లేదు.

---

రెండుచక్రాలు – శుక్రవారం మధ్యాహ్నం 2:15

అంకుల్, మా నాన్న చెప్పలేదు ఎప్పుడూ. ఒకరోజు నా బండికి పెట్రోలు కొట్టించి ఊరుకున్నాడు. నాకర్థమయింది. కానీ చెప్పుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటా. ఎలాగూ అడిగారు కాబట్టి చెప్తున్నా... అంటే అడగలేదు లెండి.

---

మూడో_అంతస్తు – నాలుగు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 6:10

వందనాలండీ. ఇన్నాళ్ళూ రాయలేదు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

వార్డు_అక్క, రక్తం తొమ్మిదికి వచ్చిందట. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. ఉపవాసం రోజు మజ్జిగ తాగుతున్నాను. మా స్త్రీల సమాజంలో ఒకరిద్దరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఎదురుగాలి గారూ, సెక్రటరీ గారికి లెటర్ రాశాను. ఒక్కదాన్నే కాదు, పదకొండు ఫ్లాట్ల వాళ్ళం సంతకాలు పెట్టాం. అరవలేదు, కానీ ఇచ్చాక అక్కడే కూర్చున్నాను, ఆయన లిఫ్ట్ కంపెనీకి ఫోన్ చేసేదాకా. చెయ్యి వణికింది. ఆయన భార్య కాఫీ తెచ్చింది.

ఇక గ్యాస్. ఇవాళ బండ వచ్చింది. నేను పొద్దుట్నుంచి మాటలు సిద్ధం చేసుకున్నాను, నూట యాభై రూపాయలు విడిగా పెట్టుకున్నాను, ఫ్రిజ్‌లో మజ్జిగ కూడా. బెల్ మోగింది. తలుపు తీస్తే వేరే అబ్బాయి. పాత అబ్బాయిని అగనంపూడి వైపు లైన్‌కి మార్చారట. ఈ అబ్బాయికి మజ్జిగ ఇచ్చాను, పేరు అడిగాను (జ్ఞానాపురం బ్రదర్, థాంక్స్), ఆ అబ్బాయి నంబర్ తీసుకున్నాను.

ఫోన్ చేశాను. ఎత్తాడు, వెనక ఆటోల రొద. ఫలానా అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, ఆ రోజు మిమ్మల్ని చాలా మాటలన్నాను, తప్పయింది తమ్ముడూ అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "ఏ ఇల్లు మేడమ్?" అన్నాడు. లిఫ్ట్ లేనిది అన్నాను. "లిఫ్ట్ లేనివి చాలా ఉన్నాయి మేడమ్" అన్నాడు. చేతిలో బైబిల్ ఉందని చెప్పాను. గుర్తు రాలేదు. "పర్లేదు మేడమ్, రోజూ ఎవరో ఒకరు అంటారు, బుకింగ్ ఏమైనా ఉందా?" అన్నాడు. లేదన్నాను. పెట్టేశాడు.

ఏం చెయ్యాలో తెలీక ఆ నూట యాభై టేబుల్ మీదే ఉంచాను. ఇంకా అక్కడే ఉంది.

---

రెండుచక్రాలు – శనివారం సాయంత్రం 6:40

అవునక్కా. గుర్తుండవు. అన్నీ గుర్తుపెట్టుకుంటే మర్నాడు బండి తీయలేం.

---

పుస్తకాల_పురుగు – శనివారం సాయంత్రం 7:12

పాప బొమ్మల ప్రార్థన ఎలా సాగుతోంది?

---

మూడో_అంతస్తు – శనివారం రాత్రి 9:25

ఇప్పుడే అయింది ప్రార్థన, మాది. నేను కళ్ళు మూసుకుని ఉండగా కుక్కర్ మూడో విజిల్ వేసింది. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. పాప ఒక కన్ను తెరిచి నా మొహం చూసి, నేను అరవడం లేదని లేచి తనే వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చి, మళ్ళీ కళ్ళు మూసుకుని "ఆ, చెప్పమ్మా" అంది.

పప్పు కొంచెం అడుగంటింది. లిఫ్ట్ ఇంకా రాలేదు, ఏదో బోర్డు చెన్నై నుంచి రావాలట.

---

కృపాక్షేమం – శనివారం రాత్రి 11:30

మా వాడికి చెప్పాను ఇవాళ. "సరే నాన్నా" అని ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. గది తలుపు మాత్రం వేసుకోలేదు.